అభిమానుల కథలు, ఆక్షేపణలు



ఒకరు సృష్టించిన పాత్రతో అభిమానులు కొత్త కథ అల్లితే దాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. మనకిది మరీ కొత్త కాదు. గురజాడ గిరీశం చేత ముళ్ళపూడి వెంకటరమణ సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు కదా! ఆ బడాయి గిరీశానిదే కాబట్టి చెల్లింది.

అమెరికాలో 1966లో మొదలైన స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ అభిమానులు మరుసటి ఏడాదికే సొంత పత్రికలు అచ్చువేసుకున్నారు. వాళ్ళ కథల్లో తరచూ ఒక అమ్మాయి సీరియల్‌లోని అంతరిక్ష నౌకలోకి వచ్చేది. అందం, తెలివి, సాహసం అన్నీ ఆమెవే. 1973లో పౌలా స్మిత్ ఈ ధోరణిని వెక్కిరిస్తూ చిన్న కథ రాశారు. నాయిక మేరీ స్యూ, వయసు పదిహేనున్నర! చురక సరైనదే. కానీ తర్వాత సమర్థురాలైన ఏ స్త్రీ పాత్ర కనబడినా ఆ పేరు పెట్టి కొట్టిపారేశారు. అది విమర్శ కాదు, బద్ధకం.

విమర్శకు ఆధారం కావాలి. అభిమాని రాసిన కథలో స్టార్ ట్రెక్ పాత్ర స్పాక్ ఏడిస్తే, "స్పాక్ ఏడవడు" అన్నంత మాత్రాన సరిపోదు. ఎందుకు ఏడవడో సీరియల్‌లోంచే చూపించాలి. నిజానికి 1966లోనే ఒక ఎపిసోడ్‌లో అతను ఏడ్చాడు, అంతుచిక్కని రోగం సోకి నిగ్రహం సడలినప్పుడు. అంటే రచయిత ఏడుపు తీసెయ్యనక్కర్లేదు, తగిన కారణం కల్పిస్తే చాలు. ఇలాంటివి పట్టుకోవడానికే చాలామంది కథను ముందుగా బీటా రీడర్‌కు, అంటే డబ్బు తీసుకోని ఎడిటర్‌కు, చూపిస్తారు.

ఈ కథల ఆన్‌లైన్ భాండాగారం ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌కు 2019లో హ్యూగో పురస్కారం వచ్చింది. పాత్ర మీరెరిగినట్టు ఉండదని అక్కడ రచయిత ముందే చెప్పవచ్చు. అయినా తిట్టేవాళ్ళు తిడతారు. ఆ తిట్లను తొలగించే వీలు రచయితకు ఉంది.