కబ్జా కింద పొర
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సందుగను చూసి చాలామంది "నిర్మల్‌లో కొన్నవా?" అని అడిగిండ్రు. కొనలేదు, చేసిన. నాలుగు నెలలు పట్టింది.

మాది వడ్ల ఇల్లు. నాయిన నాగళ్లు, బండ్లు, దర్వాజలు చేసెటోడు. బడిలో ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు నామోషీ. తొమ్మిదో తరగతిలో క్రాఫ్ట్ సార్ అందరితో మూతపెట్టె చేయించిన్రు. కబ్జాలు, అదే మడత బందులు, కూర్చోవడానికి గాడి తీయాలె. నేను తొందరపడి లోతుగా తీసిన. మూత వేస్తే ముందు అంచు లేచే ఉంటున్నది. గట్టిగ నొక్కితే మరలు ఊడొస్తున్నయి. "వడ్లాయన కొడుకువు, నీకే రాదా?" అని పిల్లలు నవ్విండ్రు. పెట్టె పక్కకు నెట్టిన.

సార్ తిట్టలేదు. రందా కింద పడ్డ పొట్టులోంచి ఒక పొర తీసి, కత్తిరించి, కబ్జా కింద పెట్టి మరలు బిగించిన్రు. మూత చక్కగ కూర్చుంది. "ఎక్కువ తీసినకాడ ఇంత పొర పెడితే సరి. దీనికే పెట్టె పారేస్తమా?" అన్నరు.

అయినా నేను ఆ పని వదిలి నౌకరికి పోయిన. రిటైరైనంకనే నాయిన పనిముట్లు అటక మీదికెళ్లి దించిన.

ఈ సందుగ లోపల మామూలు చెక్క. పైన ఉన్నది మా పాత ఇంటి టేకు దర్వాజ. దాన్ని చేతిరంపంతో రెండు మిల్లీమీటర్ల పొరలుగ కోసిన. మొదట మూతకు పైపక్కనే అతికించిన. జిగురు ఆరేసరికి పొర గుంజుకొని మూత వంగింది. మళ్లీ చేసినప్పుడు లోపలి పక్కకూ అంతే పొర అతికించిన. రెండు దిక్కులా గుంజుడు సమానమై చెక్క నిలబడ్డది. కబ్జాలకు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, తీగ చుట్టూ వంచి, పండ్లు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చిన.

మన దగ్గర ఇది కొత్త విద్య కాదు. నిర్మల్ నకాషీలు తేలికైన పొనికి కర్రను చెక్కి, ముక్కలను చింతగింజల పిండిల రంపపు పొట్టు కలిపి అతుకుతరు. అక్కడ పొట్టుకు కూడా పని ఉంటది. వాళ్లు 1955లోనే సహకార సంఘం పెట్టుకున్నరు. కరీంనగర్ పనివాళ్లు వెండితీగతో పాన్‌దాన్లు, అత్తరు డబ్బాలు అల్లుతరు. ఆ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ చేతులన్నీ మన పక్క ఊర్లవే. మన పిల్లలు మాత్రం ఉలి పట్టి ఎరుగరు.

క్రాఫ్ట్ గదిల ఇప్పుడు విరిగిన బెంచీలున్నయి. నాయిన రందా, ఉలులు, బాడిస ఈ రోజు బడికి ఇస్తున్న. గది తాళం తీయిస్తే ప్రతి శనివారం నేనొచ్చి నేర్పుత. పెద్దలు ఈ సభలోనే ఒక మాట చెప్పాలని కోరుతున్న.

సార్ ఇప్పుడు లేరు. ఉంటే ఈ సందుగను తిప్పి చూసి, ఎడమ కబ్జా కింద పొరను పట్టేసెటోళ్లు. ఈసారి కూడా గాడి లోతే తీసిన.

సెలవు.