ఉప్పునీట ఊరిన రుచి
(మన సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను సాహిత్యమును గూర్చి మాటలాడుదునని మన కార్యదర్శిగారు తలచిరి. ఆర్ట్సు పట్టభద్రుడను గనుక వారట్లు తలచుటలో దోషము లేదు. కాని కవిత్వమును గూర్చి చెప్పగలవారు ఈ సభలో నాకంటె పెద్దలున్నారు. నేడు నేను చెప్పదలచినది జాడీలో దిగు ఊటను గూర్చి. కాయలు ఊరిన ఉప్పునీటిని మన యింటి సాదా వంటకములలో ఎట్లు వాడుకొనవచ్చునో నాకు తెలిసినంతవరకు విన్నవించెదను. వంట విషయమున నా అర్హత స్వల్పము. నేను చేసిన తప్పిదము మాత్రము పెద్దది. దానితోనే ప్రారంభించెదను.

మా అమ్మ ప్రతి వేసవియు గుంటూరు జిల్లానుండి ఢిల్లీకి వచ్చుచుండెడిది. వచ్చినప్పుడెల్ల ఒక మాగాయ జాడీ ఆమె ఒడిలోనే ఉండెడిది. వాసెన కట్టిన ఆ జాడీని కూలీ చేతికి ఇచ్చెడిది కాదు, రైలులో బల్లక్రిందికి నెట్టనిచ్చెడిది కాదు. 2017 వేసవిలో మోకాళ్ళ నొప్పులచే ఆమె రాలేకపోయినది. ఇదేమంత బ్రహ్మవిద్య యని మేమే మాగాయకు పూనుకొంటిమి. ఆవకాయకు పేరుపడిన మన జలాలు ఆ దినము ఇచ్చట దొరకలేదు. ఉత్తరాదివారు ఊరగాయకు వాడు రామ్‌కేలా కాయలు కొని, చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పును పసుపును కలిపి జాడీకెత్తితిమి. మూడవనాడు నా భార్య తన కార్యాలయమునకు వెళ్ళినది. నాకొక సెలవు మిగిలియుండెను. మూత తీసి చూచితిని. ముక్కలు కుంచించుకొని, పసుపుపచ్చని నీటిలో మెడలోతున మునిగియున్నవి. జాడీని సరిగా తుడువకపోవుటచే నీరు చేరినదని నిశ్చయించితిని. కాగితము చదువకముందే దానిపై నిర్ణయము వ్రాయు అలవాటు మనలో కొందరికి కలదు గదా! ఆ నీటినంతయు వంటింటి తూములో పారబోసి, ముక్కలను బాల్కనీలో ఎండబెట్టితిని.

రాత్రి ఫోనులో అమ్మకు ఘనకార్యముగా చెప్పితిని.

"ఊటేం చేశావురా?" అన్నది.

"ఏ ఊటమ్మా?"

కొంతసేపు ఆమె పలుకలేదు. "చారు పారబోసి గిన్నె దాచుకున్నావు నాయనా," అన్నది. తరువాత నా మనసు నొచ్చునని కాబోలు నవ్వినది. "పోన్లే, వచ్చే ఏడు నేనొస్తాగా."

ఆ ఊట వెలుపలినుండి వచ్చిన నీరు కాదు. మాగాయ జాడీలో చుక్క నీరైనను పోయము. ముక్కలోపలి కంటె వెలుపల ఉప్పు గాఢత హెచ్చుగా నుండుటచే లోని నీరు పొరలను దాటి బయటికి వచ్చును. పాఠశాలలో ద్రవాభిసరణమను పేర దీనినే చదివి పరీక్షలో వ్రాసితిని. జాడీలో ఎదురైనప్పుడు గుర్తుపట్టలేకపోతిని. ఆ నీటితోపాటు కాయలోని పులుపును వాసనయు దిగివచ్చును. ఉప్పు, పులుపు రెండును చిక్కగా నుండుటచే చెడగొట్టు సూక్ష్మజీవులకు అందు మనుగడ కష్టము. మూడవనాడు ముక్కలను పిండి వేరుగను, ఊటను వేరుగను ఎండబెట్టి, మరల కలిపి, కారమును మెంతిపిండియు చేర్చుట పద్ధతి. ఎండిన ముక్క తన ఊటను తానే మరల త్రాగి మెత్తబడును. ఊట లేనిచో అది మామిడి ఒరుగు మాత్రమే. ఆ యేడు మేము తిన్నది ఒరుగే.

2018లో అమ్మ వచ్చినది. రెండింతలు కాయలు కొనిపించి, ఎండిన ఊటలో కొంత కారము కలుపక విడిగా ఒక సీసాకెత్తినది. "పప్పులోకి పనికొస్తుంది. పారబొయ్యకు," అని నావైపే చూచి అన్నది. 2019 మాఘమాసమున ఆమె స్వర్గస్థురాలయ్యెను. సీసా మా యింట మిగిలినది.

అటుపై ఏడాదికి పైగా ఆ సీసాను చెంచాలతో లెక్కించి వాడుకొంటిమి. నేను చెప్పబోవు వంటలు ఆ పొదుపులో నేర్చినవే.

ముందుగా ముద్దపప్పు. కందిపప్పును ఉప్పు వేయక మెత్తగా ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, పొయ్యిమీదినుండి దింపిన తరువాతనే ఊట కలుపవలెను. నలుగురి పప్పునకు రెండు చిన్న చెంచాలు చాలును. పప్పు ఉడుకకముందే పోసినచో పులుపు తగిలి బద్ద బిరుసుగా నిలిచిపోవును. మరుగుచుండగా పోసినచో మామిడి వాసన ఆవిరితో పోవును. ఈ రెండు తప్పులును మా యింట జరిగినవి. దింపి కలిపిన పప్పులో నేయి వేసికొని తిన్నచో వేరొక పచ్చడి అక్కర యుండదు. పెరుగుపచ్చడికి ఇంకను తేలిక. చిక్కని పెరుగులో ఒక చెంచా ఊట కలిపి, మెంతులు, ఆవాలు, ఇంగువ, ఎండుమిరపకాయల పోపు చల్లారిన పిమ్మట వేయవలెను. పులిహోరలో నిమ్మరసమునకు బదులు ఊట చల్లి చూడుడు. ఉప్పు అప్పటికే నీటిలో కరగియున్నందున మెతుకు మెతుకునకు సమముగా పట్టును. ఒక ముద్ద ఉప్పన, ఒక ముద్ద చప్పన యగుట ఉండదు. ఉడికిన బంగాళాదుంపలను వేడి తగ్గకముందే చిదిపి, ఊట చిలకరించి, పావుగంట కదపకుండ ఉంచి, తరువాత పోపున వేయించుట నా భార్య కనిపెట్టిన వంట. ఢిల్లీ చలిరాత్రులలో పుల్కాలతో దానికి సాటి వేరొకటి నేనెరుగను. చల్లారిన దుంపపై పోసినచో ఊట పైననే నిలుచును. వేడి దుంప దానిని లోనికి లాగికొనును.

మా అమ్మాయి ఢిల్లీలోనే పుట్టి పెరిగినది. తెలుగు మాటలాడును గాని వాక్యము నడుమ హిందీ దూరును. ఒకమారు దానికి నాలుగు దినములు జ్వరము వచ్చి తగ్గినది. ఏమి తినెదవని అడిగినచో "నాయనమ్మ నీళ్ళు వేసిన పప్పన్నం" అన్నది. ఆ సీసాలోని ఊటకు మా యింట ఆ పేరే నిలిచినది. 2020 వేసవిలో, ఊరంతయు తలుపులు మూసికొనియున్న దినములలో, సీసా ఖాళీయైనది.

మరుసటి యేడు స్వయముగా పెట్టుటకు కూర్చుంటిమి. అప్పుడు తెలిసినది, కొలత మావద్ద లేదని. "కిలో ముక్కలకు నాలుగు పిడికిళ్ళ కల్లుప్పు" అని అమ్మ చెప్పుట మాకు జ్ఞాపకమున్నది. అట్లే నేను నాలుగు పిడికిళ్ళు వేసితిని. నోట పెట్టలేని ఉప్పు! ఎక్కడ తప్పితిమో రెండు దినములు ఆలోచించితిమి. మా అమ్మది చిన్న చేయి. ఆమె గాజులు నా భార్యకు పట్టలేదు, మా అమ్మాయికి సరిపోయినవి. ఆ మాట తోచగానే అమ్మాయిని పిలిచి పిడికెడు ఉప్పు తీయుమని, దానిని తక్కెడలో తూచితిమి. 40 గ్రాములు. నా పిడికిలి 60 గ్రాములు. కిలోకు 160 వేయవలసినచోట నేను 240 వేసితిని. తరువాతి వారము మరల కాయలు తెచ్చి అమ్మాయి చేతనే ఉప్పు వేయించితిమి. మూడవనాడు ఊట నాలుకపై వేసికొని నా భార్య ఏమియు అనక లోపలికి వెళ్ళినది. కొలత కుదిరినదని నాకు అర్థమైనది. ఆ 160 గ్రాముల అంకెను ఇప్పుడు ఇంటి లెక్కల పుస్తకము మొదటి పుటలో వ్రాసియుంచితిమి. మీ యిండ్లలో పెద్దవారుండినచో వారి పిడికిలిని ఈ వారమే తూచుకొనుడు.

ఇక నా ఆరోగ్యమును గూర్చి ఒక మాట. నా వయసువారు ఇచ్చట చాలమంది యున్నారు గనుక. గత సంవత్సరము వైద్యుడు నా రక్తపోటును చూచి ఉప్పు తగ్గించుమనెను. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపలనే ఉప్పు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మా కొలతను బట్టి లెక్కించితిని: ఒక చిన్న చెంచా ఊటలో ఇంచుమించు ముప్పాతిక గ్రాము మొదలు ఒక గ్రామువరకు ఉప్పు ఉండును. కాబట్టి ఊటను ఉప్పునకు బదులుగా వాడవలెను గాని, ఉప్పు వేసిన కూరపై మరల పోయరాదు. పులుపు తోడగుటచే తక్కువ ఉప్పే నాలుకకు నిండుగా తోచును. నాకు మేలు చేసినది ఈ సంగతియే. కాని ఊట ఔషధము కాదు. వైద్యుడు బొత్తిగా మానుమన్నవారు మానవలసినదే.

మాగాయ ఒక్కటియే కాదు, ఉప్పునీటి వాడుక మన వంటింట అడుగడుగున కలదు. తరిగిన వంకాయ ముక్కలను ఉప్పునీటిలో వేయుట నల్లబడకుండుటకే యని మగవారనుకొందురు. దానివలన కనరు కూడ తగ్గును, లోపలికి ఉప్పు పట్టును. ఊరమిరపకాయల సంగతి చూడుడు. గాటు పెట్టిన మిరపకాయలు ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో మూడు దినములు ఊరును. ఆపై పగలు ఎండలోనికి, రాత్రి మజ్జిగలోనికి. మజ్జిగ యంతయు కాయలలోనికి ఇంకువరకు ఈ రాకపోకలు సాగును. ఒక్క చుక్క వ్యర్థము కాదు. మాంసాహారులైన మిత్రులకు కూడ ఇది పనికివచ్చును. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కరగించి, కోడిమాంసమును అందు గంటసేపు చల్లనిచోట ఉంచి తీసి, తరువాత కూర వండినచో ముక్క ఎండిపోదు. ఉప్పు తగిలిన మాంసము ఉడుకునప్పుడు తన నీటిని అంత తేలికగా విడువదు. కూరలో ఉప్పు తగ్గించుట మరువరాదు. ఇది నేను ఒక సహోద్యోగి యింట తిని తెలిసికొన్నది.

తరవాణిని చూచినవారు ఈ సభలో ఎందరున్నారో! అన్నము వార్చిన గంజిని, బియ్యపు కడుగును కుండలో పులియనిచ్చి, ఉప్పు వేసి, దబ్బాకులు చిదిమి వేసి, వేసవి ఉదయమున అన్నముతో కలుపుకొని త్రాగెడివారు. మా తాతగారి యింటి మూలనున్న ఆ కుండ వాసన చిన్నతనమున నాకు నచ్చెడిది కాదు. పిమ్మట చాల ఏండ్లకు, ఈ నగరమునకు వచ్చిన మొదటి చలికాలమున, మా క్రింది వాటాలోని పంజాబీ వృద్ధురాలు నాకొక గాజుగ్లాసుతో ముదురు ఊదారంగు పానీయమునిచ్చినది. "కాంజీ, బేటా," అన్నది. నల్లక్యారెట్లు, ఆవపొడి, ఉప్పు, కారము, నీరు, నాలుగైదు దినముల ఎండ. ఒక గుటక వేయగానే ఆ ఆవఘాటు వెనుక మా తాతగారి తరవాణి కుండ కనబడినది. రెంటిలోను పని చేయునవి పాలను పెరుగుగా మార్చు జాతి సూక్ష్మజీవులే. ఆమె దానిని మర్తబాను అను పింగాణి జాడీలో పెట్టెడిది. బర్మాలోని ఒక రేవుపట్టణపు పేరే ఆ జాడీకి వచ్చినదందురు. ఉప్పును పులుపును లోహమును తినివేయును గనుక ఆమె యింటను మా యింటను పాత్ర ఒక్కటే. హోళీకి ఆమె కాంజీలో వడలు నానవేసి పంపెడిది. మేము ఉగాదికి పెరుగువడలు పంపెడివారము. మిగిలిన కాంజీతో ఒకమారు నా భార్య చింతపండు లేక పచ్చిపులుసు చేసినది. ఉల్లిపాయయు పచ్చిమిరపయు వేసిన ఆ పులుసు రంగు చూచి నేను జంకితిని. తిన్న తరువాత గిన్నె మిగుల్చలేదు.

ఢిల్లీ ఎండకు ఒక గుణము కలదు. మన కోస్తాలో రెండు మూడు దినములు పట్టు ముక్క ఇచ్చట వడగాలికి ఒక్క దినమున ఎండును. దోషములును కలవు: ఒకటి కోతి, రెండవది ఆంధీ. నిరుడు ఒక కోతి బాల్కనీలోనికి దూకి, ఒక ముక్క కొరికి, మొగము చిట్లించి, దానిని నా చొక్కాపై పారవైచి పోయినది. ఆంధీతో అంత సులువు కాదు. ఊటలో ధూళి పడినచో వడకట్టినను ఇసుక పంటికి తగులును.

ఈ యేడు మొన్న జాడీ పెట్టితిమి. నేడు మూడవ దినము. ఉదయము అమ్మాయి ముక్కలు పిండినది. ఊటను వెడల్పుపాటి పింగాణి గిన్నెలో పోసి, పలుచని గుడ్డ కట్టి, బాల్కనీలో పెట్టి వచ్చితిమి. ఇంతసేపును ఆ కిటికీవైపు చూచుచున్నందులకు మీరు నన్ను మన్నింపవలెను. పడమట ఆకాశము పసుపు తిరుగుచున్నది. గాలి రాకముందే ఆ గిన్నెను లోపల పెట్టవలసియున్నది. సెలవు.