ప్రోలాగ్ ‘లేదు’ అంటే...
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నా ఉద్యోగం గురించి మాట్లాడమన్నారు. మొత్తం చెబితే మీరు భోజనాలకు లేచిపోతారు, అందుకని ఒక్క సంగతే చెబుతాను.

జావా లాంటి భాషలో ప్రోగ్రాం అంటే ఆబ్జెక్టుల కాపురం. ప్రతి ఆబ్జెక్టూ తన వివరాలు తన దగ్గరే దాచుకుని, అడిగిన పని చేసిపెడుతుంది. ప్రోలాగ్ దారి వేరు. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో అలాన్ కోల్మెరోవెర్ బృందం తయారుచేసిన భాష అది. అందులో పని ఎలా చేయాలో కాదు, ఏది నిజమో చెబుతాం. "తల్లికి సోదరుడైనవాడు మేనమామ" అని ఒక్క సూత్రం రాస్తే, "రవికి మేనమామ ఎవరు?" అని అడగొచ్చు, "ఈయన ఎవరెవరికి మేనమామ?" అనీ అడగొచ్చు. జావాలో అయితే మామూలుగా రెండు మెథడ్లు రాసుకోవాలి.

కుటుంబ పెన్షన్ అర్హత తేల్చే ఒక పనిలో మాకు రెండూ కావలసివచ్చాయి. తెర, డేటాబేసు జావావి, నిబంధనలు ప్రోలాగ్‌వి. ఎస్.డబ్ల్యు.ఐ. ప్రోలాగ్‌తో వచ్చే జె.పి.ఎల్. ఈ రెంటినీ కలుపుతుంది. జావా తన ప్రశ్నను ఒక ఆబ్జెక్టుగా కట్టి పంపుతుంది, జవాబులు ఒక్కొక్కటిగా అందుకుంటుంది. కలపడం పెద్ద కష్టమేమీ కాదు.

చిక్కంతా జవాబు అర్థంలో ఉంది. ప్రోలాగ్ "లేదు" అంటే అది అబద్ధమని కాదు, "నాకు తెలిసినదాంతో రుజువు చేయలేకపోయాను" అని. మేనమామ పేరు మనం ఎక్కించకపోతే, అసలు లేడనే అంటుంది. ఆ "లేదు" జావాలోకి వచ్చేసరికి "ఫాల్స్" అయిపోతుంది, తెర మీద "అర్హత లేదు" అని పడుతుంది. భర్త మరణ ధ్రువపత్రం ఇంకా నమోదు కాని ముసలమ్మకు కౌంటరులో గుమాస్తా చదివి వినిపించేది అదే. ఆమె నమ్మి ఇంటికి వెళ్లిపోతుంది. కంప్యూటరు చెప్పిందంటే మనవాళ్లు ఎదురడగరు కదా!

అందుకే రెండు భాషల మధ్య మూడు జవాబులు పెట్టాం: అర్హులు, అనర్హులు, వివరాలు చాలవు. అనర్హతకు విడిగా సూత్రాలు రాశాం. వయోపరిమితి దాటిన కొడుకు లాంటివి అందులోకి వస్తాయి. అర్హతా రుజువు కాక, అనర్హతా రుజువు కాకపోతే మూడోది. ఏ కాగితం లేక ఆగిందో కూడా ప్రోలాగ్ చేతే చెప్పించి జావాకు పంపాం. పని పెరిగింది, గడువు గురించి పైవాళ్లు సణిగారు. నా లెక్కలో ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పని అదే.

పిల్లలూ, ఎస్.డబ్ల్యు.ఐ. ప్రోలాగ్ ఉచితంగా దొరుకుతుంది. మీ ఇంటి బంధుత్వాలు రాసి చూడండి. పెదనాన్న ఎవరో, బాబాయి ఎవరో చెప్పమంటే ఎవరు ముందు పుట్టారో కూడా ఎక్కించాలి. ఎక్కించకుండా అడిగి, ఏమంటుందో చూడండి. సెలవు.