ఐదు కాంస్యాలు, రెండు గులాబీ జెర్సీలు

 

ముందు ఒక లెక్క. గద్వాలలో సైకిల్ ఎక్కి, పెబ్బేరు మీదుగా వనపర్తి వచ్చి, అక్కడినుంచి నాగర్‌కర్నూల్ దాకా తొక్కితే దాదాపు 100 కిలోమీటర్లు. బస్సులో పోయినా నడుము పట్టేస్తది కదా? 2022 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో ఒకామె అంతకంటే ఎక్కువే, 124 కిలోమీటర్లు తొక్కింది. అది కూడా అంతా తారు రోడ్డు కాదు, చాలాచోట్ల పాతకాలం రాళ్లు పరిచిన బాట. చివర్లో 30 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి, 23 సెకన్ల తేడాతో గెలిచింది. రేసు పేరు పారిస్-రూబే. ఆమె ఇటలీకి చెందిన ఎలిసా లోంగో బోర్గీని.

ఎలిసా 1991లో పుట్టింది. వాళ్లమ్మ ఒలింపిక్స్‌లో ఆడిన స్కీయింగ్ క్రీడాకారిణి, అన్న పావోలో కూడా ప్రొఫెషనల్ సైక్లిస్ట్. ఇరవై ఏళ్లకే, 2012లో, వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చింది. మరుసటి ఏడాది ఇటలీ జాతీయ పోటీలో కిందపడితే కటి ఎముక విరిగింది. అయినా మళ్లీ సైకిల్ ఎక్కింది. 2015లో బెల్జియంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ గెలిచింది.

కానీ ఫ్రెండ్స్, పెద్ద వేదిక మీద మాత్రం ఎప్పుడూ మూడో మెట్టే. 2016 రియో ఒలింపిక్స్‌లో కాంస్యం, టోక్యోలో కాంస్యం. వరల్డ్ ఛాంపియన్‌షిప్ రోడ్ రేసులో 2012, 2020, 2024... మూడుసార్లూ కాంస్యమే. సొంత దేశపు పెద్ద రేసు జిరో డి ఇటాలియాలో 2017లో రెండో స్థానం, 2020లో మూడో స్థానం.

మనమైతే "ఇగ చాలు" అనేవాళ్లం. ఆమె అనలేదు. 2024లో, 32 ఏళ్ల వయసులో, మొదటి రోజే గులాబీ జెర్సీ వేసుకుని చివరి రోజు దాకా విప్పలేదు. 21 సెకన్ల తేడాతో జిరో గెలిచింది. 2025లో మళ్లీ గెలిచింది, ఈసారి తేడా 18 సెకన్లే.

ఇప్పుడు అసలు మాట. ఇదంతా పట్టుదల ఒక్కదానితో అయ్యిందా? కాదు. పారిస్-రూబే మగవాళ్లకు 1896లో మొదలైతే, ఆడవాళ్లకు 2021లో మొదలైంది. ఆ మొదటి రేసులో ఎలిసా టీమ్‌మేట్ లిజ్జీ డైగ్నన్ గెలిచింది, ఎలిసా మూడోది. గెలిచినామెకు బహుమతి 1,535 యూరోలు. మగ విజేతకు 30,000! పెద్ద మహిళా టీముల్లో కనీస జీతం అనే రూల్ కూడా 2020లోనే వచ్చింది, ఏడాదికి 15,000 యూరోలతో. ఇటలీలో చాలామంది క్రీడాకారిణులు పోలీసు, సైన్యం టీముల్లో ఉంటారు. ఎలిసా కూడా పోలీసు క్రీడా విభాగం ఫియమ్మె ఓరో మనిషే. అంటే నెల తిరిగితే జీతం వస్తుందన్న ధైర్యం ఉంది. ఎముక విరిగినా, పదేళ్లు మూడో మెట్టు మీదే నిలబడినా, ఆట వదిలేయకుండా ఆపేది ఆ ధైర్యమే.

మన దగ్గర ఏమైతది? చాలా ఇళ్లల్లో అమ్మాయి సైకిల్ బడి దాకే. పదో తరగతి అయిపోతే సైకిల్ గోడకు చేరుతది. "తొక్కితే ఏమొస్తది?" అని నాన్న అడిగితే తప్పు పట్టలేం, అది తిండికి సంబంధించిన ప్రశ్న. కానీ జవాబు కూడా ఉంది. స్కూల్ గేమ్స్‌లో సైక్లింగ్ ఉంటుంది, మీ పీఈటీ సార్‌ని అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో సైకిల్ రేసుల కోసమే కట్టిన వెలోడ్రోమ్ ఉంది. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. నాన్నకు పతకం ఫోటో కాదు, ముందు ఈ దారి చూపించండి.

మీ ఊళ్లో గాలిని కోసుకుంటూ సైకిల్ తొక్కే చెల్లెలు ఎవరైనా ఉంటే, ఈ వీడియో ఆమెకు కాదు, వాళ్ల నాన్నకు పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!