మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్నాళ్ళొస్తోంది?

పొద్దుటి హడావుడి ముగించుకుని ఇప్పుడే కాస్త నడుం వాల్చి ఉంటారు. ఇవాళ నేను చెప్పబోయేది మగవాళ్ళ ఆరోగ్యం గురించి. అయినా చెబుతున్నది మీకే. వాళ్ళు తినేదీ తాగేదీ చాలామటుకు మన చేతుల మీదుగానే నడుస్తుంది గనుక.

మావారు రోజూ క్యారియరుతోపాటు లీటరు సీసాతో నీళ్ళు పట్టుకెళ్తారు. సాయంత్రం ఆ సీసా ముప్పాతిక వంతు నీళ్ళతోనే తిరిగొచ్చేది. నేను ఆ నీళ్ళు తులసికోటలో పోసి, సీసా కడిగి బోర్లించేదాన్ని. ఏళ్ళ తరబడి అదే పని. "ఏమండీ, నీళ్ళెందుకు తాగలేదు?" అని ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనేలేదు.

రెండేళ్ళ క్రితం మే నెల. బెజవాడ ఎండలు మీకు తెలియనివా! ఓ అర్ధరాత్రి ఆయన నడుం పట్టుకుని లేచారు. నొప్పి వీపు పక్కనుంచి గజ్జల్లోకి దిగుతోందన్నారు. కూర్చోలేరు, పడుకోలేరు, ఒళ్ళంతా చెమటలు. గ్యాసేమోనని వాము నీళ్ళిచ్చాను. తెల్లారి స్కానింగు తీస్తే, మూత్రపిండంలోంచి జారిన రాయి నాళంలో ఇరుక్కుందన్నారు. ఈ రాళ్ళ బాధ ఆడవాళ్ళకన్నా మగవాళ్ళలోనే ఎక్కువట.

డాక్టరుగారు మందు రాసి, "ఆఫీసులో నీళ్ళేమాత్రం తాగుతారు?" అనడిగారు. ఈయన నసిగారు. చివరికి తేలిందేమిటంటే, అక్కడి మరుగుదొడ్డి కాలు పెట్టేట్టుండదు, అందుకని నీళ్ళు తాగడమే మానేశారు! టీలు మాత్రం నాలుగు. బడికెళ్ళే ఆడపిల్లలు ఇలా చేస్తారని విన్నాను గానీ, యాభై ఏళ్ళ మనిషి చేస్తారనుకోలేదు.

మన మూత్రపిండాలు రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రం బయటికి పంపుతాయి. తక్కినదంతా ఒంటికే తిరిగిచ్చేస్తాయి. మనం నీళ్ళు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి, ముదురు పాకంలో చక్కెర పలుకు కట్టినట్టు లవణాలు పలుకు కడతాయి. రాయి పడ్డవాళ్ళు రోజుకు రెండు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటన్ని నీళ్ళు తాగాలి. కొలవక్కర్లేదు, రంగు చూసుకుంటే చాలు. లేత ఎండుగడ్డి రంగైతే సరే, ముదురు పసుపైతే చాలనట్టు.

రెండో ప్రశ్న నాకు వేశారు. "అమ్మా, మీ ఇంట్లో కిలో ఉప్పు ఎన్నాళ్ళొస్తుంది?" కందిపప్పు ఎన్నాళ్ళొస్తుందో నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. ఉప్పు సంగతి చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి కొత్త ప్యాకెట్టు మీద తేదీ వేశాను. 20 రోజులకల్లా అయిపోయింది. మేం నలుగురం. లెక్కవేయండి, తలకు రోజుకు 12.5 గ్రాములు! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే ఒక్క చిన్న చెంచాడు. కొంత కడుగుల్లో పోయిందనుకున్నా, రెట్టింపు తింటున్నాం. ఇందులో ఆవకాయ లేదు, అప్పడాలు లేవు, ఊరమిరపకాయలు లేవు, ఆయన సాయంత్రం పొట్లం కట్టించుకొచ్చే మిక్చరు లేదు.

ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా దిగి రాయికి దారితీస్తుంది. అంతకన్నా పెద్ద చేటు రక్తపోటు. మూత్రపిండాలను ఎక్కువగా పాడుచేసేవి షుగరూ బీపీనే. రాయి అయితే అరిచి చెబుతుంది. ఇవి చప్పుడు చెయ్యవు. చాలామట్టుకు చెడేదాకా మనిషికి ఏమీ తెలియదు.

మా అత్తగారికి కోపమొచ్చింది. "మజ్జిగన్నంలో ఆవకాయ లేకపోతే ముద్ద దిగుతుందటే?" అన్నారు. నేను మానిపించలేదు. జాడీని బల్ల మీంచి గూట్లోకి మార్చానంతే. ముక్క ఒకటి, ఊట వద్దు. పెరుగన్నంలో ఉప్పు మానేశాం. చారులో మిరియాలు, కూరలో నిమ్మరసం కాస్త ముందుకొచ్చాయి. మొదటి మూడు వారాలూ సణుగుళ్ళు విన్నాను. ఇప్పుడు ప్యాకెట్టు 35 రోజులొస్తోంది. ఇంకా ఎక్కువే లెండి.

ఇరుగుపొరుగు సలహాలకు లోటా? రాయి కాల్షియందేగా, పాలు మానిపించమన్నారు. అది తప్పట. పాలూ పెరుగూ మామూలుగా తీసుకుంటే పాలకూరలాంటి వాటిలో ఉండే ఆక్సలేటును పేగుల్లోనే పట్టేసి, మూత్రం దాకా పోనివ్వవు. ఆయన స్నేహితులొకరు బీరు తాగితే రాయి కరిగిపోతుందన్నారు. కరగదు. ఒంట్లో నీరు పోతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. మాంసం మితిమీరినా ఈ యాసిడ్ గోలే.

స్కూటరు డిక్కీలో రెండు అట్టల నొప్పి బిళ్ళలు దొరికాయి నాకు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి చీటీ లేకుండా కొనుక్కుని మింగేస్తుంటారు. ఎండనపడి నీళ్ళు తాగని మనిషికి ఇవి మూత్రపిండాలకు చేరే రక్తాన్ని తగ్గించేస్తాయి. మీ ఇంట్లోనూ ఒకసారి జేబులు వెతకండి.

ఒక్క జాగ్రత్త. మూత్రపిండాలు ఇదివరకే దెబ్బతిన్నవాళ్ళకు పై నీళ్ళ లెక్క వర్తించదు. కొబ్బరినీళ్ళు, సోడియం తక్కువని అమ్మే ఉప్పు కూడా పొటాషియం వల్ల వాళ్ళకు ప్రమాదం. డాక్టరు చెప్పినంతే.

అలాగని భర్తకు ఈ జబ్బొస్తే ఇల్లాలి వంటనే ఆడిపోసుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో షుగరూ బీపీ లేని రైతులకూ కూలీలకూ వస్తోంది. కారణం ఇదీ అని తేలలేదు. అక్కడివారి కోసమే 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

మావారిప్పుడు మధ్యాహ్నాలు ఆఫీసు ఎదుటి హోటలుకు వెళ్ళొస్తారు, టీకి కాదు! సీసా ఖాళీగానే వస్తోంది. తులసికి వేరే నీళ్ళు పోస్తున్నాను. బీపీ చూడడం, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఈ మూడూ ఏడాదికోసారి చేయించమన్నారు. వచ్చే వారం వెళ్తున్నాం. ఈసారి నేనూ చేయించుకుంటాను, తిన్నది ఒకే ఉప్పు కదా. ఉంటానండీ, సెలవు.