చిరునామా సరిగా రాద్దాం



ఈ రోజు చిరునామా గురించి మాట్లాడుకుందాం. "చిరునామా రాయడం కూడా ఒక పాఠమా?" అనుకోకండి. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

టీచర్ ట్రైనింగ్ అయ్యాక, 2023లో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. నా పేరు రాశాను. ఊరు కొత్తపల్లి అని రాశాను. జిల్లా రాశాను. మండలం రాయలేదు. పిన్ కోడ్ రాయలేదు. "మా ఊరు ఎవరికి తెలియదులే!" అనుకున్నాను.

ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. ఎప్పుడు? ఇంటర్వ్యూ అయిపోయిన ఆరు రోజులకు! మా జిల్లాలోనే ఇంకో కొత్తపల్లి ఉంది. కాగితం ముందు అక్కడికి పోయింది. "ఇంత చదివి ఏం లాభమే?" అంది మా అమ్మ. ఆ మాట నేను ఇంకా మరిచిపోలేదు.

మన ఊళ్లో "రావిచెట్టు పక్క ఇల్లు" అంటే చాలు. వినేవాళ్లు మనవాళ్లే. కానీ ఉత్తరాలు వేరుచేసే మనిషి ఎక్కడో ఉంటాడు. మన రావిచెట్టు అతనికి తెలియదు. మనమూ అతనూ ఒకే పద్ధతి పాటించాలి. అప్పుడే మన మాట అతనికి అర్థమవుతుంది.

పిన్ కోడ్ అలాంటి పద్ధతే. మన దేశంలో ఇది 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు ఉన్నాయి. చిరునామాలు ఎన్నో భాషల్లో రాస్తారు. అందుకే అంకెలు పెట్టారు. మొత్తం ఆరు అంకెలు. మనకు మొదటి అంకె 5. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడింటికీ అదే. చివరి మూడు అంకెలు మన పోస్టాఫీసును చెబుతాయి. ఒక్క అంకె తప్పినా ఉత్తరం దారి తప్పవచ్చు.

"ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకు టీచర్?" అని నిన్న ఒక అక్క అడిగింది. నిజమే అక్కా. కానీ ఆధార్ కార్డు, బ్యాంకు కార్డు, కోర్టు నోటీసు ఇప్పటికీ పోస్టులో వస్తుంటాయి. అవి వేరే ఇంటికి పోతే నష్టం మనకే కదా?

అందుకని ఈ వరుసలో రాయండి:

పేరు
తండ్రి లేదా భర్త పేరు
ఇంటి నంబరు, వీధి
ఊరు, పోస్టాఫీసు
మండలం
జిల్లా, రాష్ట్రం
పిన్ కోడ్

పంపేవారి చిరునామా కూడా రాయాలి. అవతలివారు దొరక్కపోతే ఉత్తరం తిరిగి మన దగ్గరికే వస్తుంది.

రేపు వచ్చేటప్పుడు మన పిన్ కోడ్ కనుక్కుని రండి. తలా ఒక పోస్టు కార్డు తెచ్చుకోండి. ఎవరి చిరునామా వాళ్లే రాద్దాం. కార్డులు డబ్బాలో వేద్దాం. మీ రాత మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు చూసుకుందురుగాని!