పట్టాలు మార్చునది ఎవరు?

తిరుపతి ప్రాంతమున ప్రయాణించు మనకు రేణిగుంట, పాకాల జంక్షనులు చిరపరిచితములు. రేణిగుంటలో గూడూరు, అరక్కోణము, గుంతకల్లు, తిరుపతి దారులు కలియుచున్నవి. పాకాలలో తిరుపతి దారి, చిత్తూరు మీదుగా కాట్పాడి పోవు దారి, కదిరి మీదుగా ధర్మవరము పోవు దారి కూడుకొనుచున్నవి. ఇన్ని దారులున్నను ఇంజను డ్రైవరు చేతిలో చుక్కాని లేదు. వేగము పెంచుట, తగ్గించుట, ఆపుట, కూత వేయుట - ఇంతవరకే అతని అధికారము.

మన యిండ్లలోని బాలురు ఈ మాట నమ్మరు. కంప్యూటరు తెరపై రైలు నడుపు ఆటలో వారే డ్రైవర్లు, వారే స్టేషను మాస్టర్లు. మైక్రోసాఫ్టు సంస్థ 2001లో వెలువరించిన ట్రెయిన్ సిమ్యులేటరు ఆటలో ‘జి’ మీట నొక్కినచో బండి ముందున్న పాయింటు మారిపోవును. ఆట గనుక అది తప్పు కాదు. కాని ఆ మీటలో అణగియున్న పని యెంతటిదో విచారింతము.

కొన చెక్కి సన్నముచేసిన రెండు నాలుక పట్టాలే పాయింటులోని ముఖ్యభాగము. రెండును కడ్డీలతో కూర్చబడి యొకేసారి కదలును. ఒకటి తన ప్రక్కనున్న స్థిరమైన పట్టాను అంటుకొనినపుడు రెండవది తన ప్రక్కపట్టాకు ఎడమగును. రైలు చక్రమునకు లోపలివైపున అంచు కలదు. అంటుకొన్న నాలుక ఒక చక్రపు అంచును తన దారిని త్రిప్పును. రెండవ చక్రపు అంచు ఆవలి సందులోనుండి సాగిపోవును. కొంతదూరము పోయిన పిదప ఒక పట్టా మరియొక పట్టాను దాటవలెను. అచ్చట అంచు పోవుటకు చిన్న ఖాళీ విడువక తప్పదు. ఆ ఖాళీలో చక్రము దారి తప్పకుండ, ఎదుటి పట్టా చెంతనున్న చెక్ రైలు రెండవ చక్రమును పట్టియుంచును.

నాలుకకును పట్టాకును నడుమ ఒక గులకరాయి పడినచో? అందులకే 5 మిల్లీమీటర్ల ముక్కను నడుమ నుంచి పరీక్షింతురు. అది యుండగా పాయింటుకు తాళము పడరాదు. తాళము పడనిదే సిగ్నలు రారాదు. ఈ కట్టుబాటునకే ఇంటర్‌లాకింగు అని పేరు. పూర్వము కేబినులో లీవర్లు లాగి చేసిన పనిని నేడు చాలచోట్ల విద్యుత్తు మోటారు చేయుచున్నది.

రెండు దారులు ఒకటగు దిక్కునకు పోవు బండి, పాయింటు ప్రతికూలముగా నున్నను, నాలుకను చక్రములతో త్రోసికొని పోగలదు. పోయినది గదా యని సంతోషింపరాదు. పాయింటు యంత్రము చెడును. ఆ బండినే వెనుకకు నడిపినచో పట్టాలు తప్పును.

2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ స్టేషనులో ఈ కట్టుబాటే తెగినది. చెన్నైకి వచ్చు కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుపై పోవుటకు సిగ్నలు ఇయ్యబడినది. పాయింటు మాత్రము లూప్ లైనుకు తిరిగియున్నది. బండి ఆ లైనులో నిలిచియున్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు సర్క్యూటులలో చేసిన మార్పులందలి లోపములే కారణమని విచారణలో తేలినది. డ్రైవరు చూచినది పచ్చదీపమే.

జంక్షనులలో డ్రైవరునకు దారి తెలుపుటకు సిగ్నలు నెత్తిన వరుసగా తెల్లని దీపము లైదు అమర్తురు. బండి ప్రక్కదారికి తిరుగవలసినపుడు ఆ దిక్కునకు వాలిన వరుస వెలుగును. తిన్నగా పోవలసినపుడు వెలుగదు. డ్రైవరు దానిని చూచి వేగము తగ్గించుకొనును.